ఆబోతు రంకె వేసే కాలం

మా ఉత్తర కరోలినాలో వసంతం వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండరు అక్కర్లేదు. పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీదా, కిటికీ చువ్వల మీదా, వాకిట్లో విడిచిన చెప్పుల మీదా పచ్చగా పేరుకుపోతుంది. ఇంటిల్లిపాదీ తుమ్ముతూ ఉంటారు. ఆ తుమ్ముల మధ్యనే కేరీ వెంకటేశ్వరస్వామి గుడిలో ఉగాది పచ్చడి పంచుతారు. మోరిస్‌విల్ చర్చ్ స్ట్రీట్ పార్కులో మన కుర్రాళ్లు క్రికెట్ కిట్లు దులుపుతారు. సరిగ్గా అదే రోజుల్లో, ఉగాదికి కాస్త అటూ ఇటూగా, డర్హమ్‌లో బేస్‌బాల్ మొదలవుతుంది. ఇక వినాయక నిమజ్జనాల దాకా ఆగదు. మార్చి చివర మొదలై సెప్టెంబరు మూడో వారం దాకా 150 ఆటలు, అందులో సగం సొంతూళ్లో.

ఆ జట్టు పేరు డర్హమ్ బుల్స్. ఇక్కడ మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నా, చాలామందికి బుల్స్ అంటే ఆఫీసువాళ్లు వేసవిలో ఒక సాయంత్రం తీసుకెళ్లే చోటు, అంతే. ఐదారు ఇన్నింగ్సులయ్యాక పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, ఎవరు గెలిచారో తెలియకుండానే ఇంటికి వచ్చేస్తాం. ఈ జట్టు కథ మాత్రం అలా మధ్యలో లేచి రావలసినది కాదు. అందుకే ఈసారి కబుర్లన్నీ దాని చుట్టూనే.

కథ పొగాకుతో మొదలవుతుంది. 1865 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, డర్హమ్ దగ్గర బెనెట్ ప్లేస్ అనే పొలం ఇంట్లో దక్షిణాది సేనాని జాన్‌స్టన్, ఉత్తరాది సేనాని షెర్మన్‌కు లొంగిపోయాడు. ఆ సంప్రదింపులు సాగినన్నాళ్లూ రెండు పక్షాల సైనికులకూ చేతిలో పని లేదు. జాన్ గ్రీన్ అనే ఆయన పొగాకు కొట్టు మీద పడి ఉన్న సరుకంతా ఊడ్చుకుపోయారు. గ్రీన్ దివాలా తీశాననుకున్నాడు. తీరా చూస్తే, ఊళ్లకు వెళ్లిన సైనికులు ఆ పొగాకు ఇంకా కావాలని ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. దోపిడీయే ప్రచారమైంది! సరుకుకు గుర్తు కావాలి కదా, ఇంగ్లండునుంచి వచ్చే కోల్మన్స్ ఆవపొడి డబ్బా మీద ఉన్న ఆబోతు తల చూసి, దాన్నే తన పొగాకు మీద వేయించాడని చెప్పుకుంటారు. అలా బుల్ డర్హమ్ పొగాకు పుట్టింది. ఊరికి ఆబోతు అబ్బింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఊళ్లోనే ఎదిగిన డ్యూక్ కుటుంబం అమెరికన్ టొబాకో కంపెనీని నడిపింది. ఆ కంపెనీ, ఇంగ్లండు ఇంపీరియల్ టొబాకో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకోను పెట్టాయి. దాని భారతీయ శాఖగా వచ్చిందే నేటి ఐటీసీ. దాని కిందే 1912లో ఆకు కొనడానికి ఐ.ఎల్.టి.డి. వెలిసింది. చీరాలలో ఆ కంపెనీ పేరు వినని ముసలివాళ్లుండరు. ఒంగోలు దారిలో మనం చూసే పొగాకు బ్యారన్లకూ, డర్హమ్ చుట్టుపక్కల పొలాల్లో ఇప్పటికీ కూలిపోతూ నిలబడ్డ పాత బ్యారన్లకూ పని ఒక్కటే, పచ్చి ఆకును వేడిగాలితో బంగారు రంగుకు తేవడం. మన పల్లెల్లో పండిన వర్జీనియా ఆకు ఈ వైపునుంచి వచ్చినదే.

ఆ 1902లోనే డర్హమ్‌లో బేస్‌బాల్ జట్టు మొదలైంది. స్థానిక న్యాయవాది విలియం బ్రామ్‌హామ్ పూనుకున్నాడు. తర్వాతి కాలంలో దేశంలోని మైనర్ లీగులన్నిటికీ, అంటే పెద్ద లీగు కింది పోటీలన్నిటికీ, పెద్దగా కూర్చున్నది ఈయనే. జట్టుకు పెట్టిన పేరు టొబాకోనిస్ట్స్, అంటే పొగాకు వర్తకులు. ఎంత నిజాయతీ! తొలి ఆటలు ట్రినిటీ కాలేజీ మైదానంలో ఆడారు, తర్వాత డ్యూక్ విశ్వవిద్యాలయమైంది ఆ కాలేజీయే. ఆ ఏడు వేసవి సగం గడవకుండానే లీగే మూతపడింది. పదకొండేళ్లకు, 1913లో, మళ్లీ జట్టు కట్టినప్పుడు బుల్స్ అన్నారు. 1917లో ప్రపంచ యుద్ధం వచ్చి అదీ ఆగిపోయింది. 1920లో మళ్లీ లేచారు.

1926లో ఎల్ టోరో పార్క్ అని కొత్త మైదానం కట్టారు. ప్రారంభోత్సవానికి బేస్‌బాల్ కమిషనర్ కెన్నెసా మౌంటెన్ లాండిస్ వచ్చాడు. మాజీ జడ్జి, తెల్లజుట్టు, చిరుబుర్రుల మనిషి. 1919 వరల్డ్ సిరీస్‌లో డబ్బు తిని ఓడిపోయారన్న కేసులో ఎనిమిదిమందిని జన్మలో ఆడకుండా వెలివేసిన ఘనుడు. అంతటివాడు డర్హమ్‌లో జట్టు ఆబోతు మీదెక్కి మైదానంలో ఊరేగాడు. ఈ ఊరి ఆబోతు ముందు ఎవరి పెద్దరికమూ నిలవదన్నమాట.

1930ల మాంద్యంలో జట్టు మళ్లీ రెండేళ్లు మూతపడింది. తెరుచుకున్న కొన్నేళ్లకు, 1939 జూన్‌లో, ఒక రాత్రి ఆట ముగిసిన కొన్ని గంటలకు చెక్క గ్యాలరీ అంటుకుని మొత్తం బూడిదైంది. కింద నిద్రపోతున్న మైదానం పనివాడు వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడు. కాంక్రీటు, ఇనుముతో వెంటనే కొత్తది లేపారు. డర్హమ్ అథ్లెటిక్ పార్క్ అని అప్పటికే పేరు మారిన ఆ చోటు ఇప్పటికీ ఉంది. నగరం దాన్ని కూలగొట్టలేదు. అటు వెళ్తే ఒకసారి చూడండి, టిక్కెట్టు కౌంటరు శంఖాకారపు గోపురం కింద ఉంటుంది.

ఇంతదాకా చెప్పినదంతా సగం ఊరి కథే. మిగతా సగానికి ఆ గ్యాలరీలో వేరే చోట కూర్చోవలసి వచ్చేది. నల్లజాతివాళ్లకు విడిగా సీట్లు. మైదానంలోకి దిగే హక్కయితే అసలే లేదు. పైన చెప్పిన లాండిస్ కమిషనర్‌గా ఉన్నన్నాళ్లూ పెద్ద లీగుల్లోనూ ఒక్క నల్ల ఆటగాడు అడుగుపెట్టలేదు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గీత దాటాక కూడా డర్హమ్‌కు పదేళ్లు పట్టింది. 1957లో బబ్బా మార్టన్, టెడ్ రిచర్డ్‌సన్ బుల్స్ తరఫున దిగారు. ఆ వేసవిలోనే, జూన్ 23న, డగ్లస్ మూర్ అనే పాస్టరు నాయకత్వంలో ఏడుగురు రాయల్ ఐస్‌క్రీమ్ పార్లరులో తెల్లవాళ్ల వైపు కూర్చుని అరెస్టయ్యారు. ఇలాంటిదే అయిన గ్రీన్స్‌బరో సత్యాగ్రహం పుస్తకాలకెక్కింది గానీ, ఇది దానికి మూడేళ్ల ముందటి మాట. ఒకే వేసవిలో ఈ ఊరు నల్ల ఆటగాడి కొట్టుడుకు చప్పట్లూ కొట్టింది, నల్ల పాస్టరు ఐస్‌క్రీమ్ అడిగితే పోలీసులనూ పిలిచింది. జట్టు వార్షికోత్సవ ప్రసంగాల్లో ఈ రెండూ పక్కపక్కన వినిపించవు. వినిపించాలని నా అభిప్రాయం.

1963లో కాలిఫోర్నియా నుంచి జో మోర్గన్ అనే పొట్టి కుర్రాడు ఇక్కడికి వచ్చాడు. ఒక్క వేసవి కూడా పూర్తిగా ఆడకుండానే పెద్ద జట్టు పిలిచింది. తర్వాత సిన్సినాటిలో 1975లోనూ 1976లోనూ లీగ్ అత్యుత్తమ ఆటగాడు, 1990లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆయన వేసుకున్న 18వ నంబరు చొక్కాను బుల్స్ ఇంకెవరికీ ఇవ్వరు.

మైనర్ లీగ్ పద్ధతి తెలియనివాళ్లకు ఇక్కడో మాట చెప్పాలి. పెద్ద లీగులో 30 జట్లు. ఒక్కోదాని కింద నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక్కో ఊరి జట్టు. అన్నిటికన్నా పై మెట్టు ట్రిపుల్-ఏ. బుల్స్ 1998 నుంచి ఆ మెట్టు మీద, టాంపా బే రేస్ కింద ఉన్నారు. ఆటగాళ్లను ఎంచేదీ జీతాలిచ్చేదీ టాంపావాళ్లే. కోచ్‌లు కూడా వాళ్ల మనుషులే. ఈ ఊళ్లో జట్టు యజమానికి ఉన్నదల్లా టిక్కెట్లు, తినుబండారాలు, మైదానం, ఆబోతు. బాగా ఆడిన కుర్రాడిని మర్నాడు పొద్దున విమానం ఎక్కించేస్తారు. ఏడాది తిరక్కుండా బదిలీ అయ్యే తాసిల్దారు మీద ఊరు మమకారం పెంచుకున్నట్టుంటుంది వీళ్ల అభిమానం.

ఆండ్రూ జోన్స్ సంగతే చూడండి. అప్పుడు బుల్స్ అట్లాంటా బ్రేవ్స్ కింద, ఏ-తరగతి అనే కింది మెట్టు మీద ఉండేవారు. 1996 ఏప్రిల్‌లో ఈ పంతొమ్మిదేళ్లవాడు డర్హమ్‌లో ఆడుతున్నాడు. ఒక్క వేసవిలో మెట్లన్నీ ఎక్కేశాడు. అక్టోబరులో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో వరల్డ్ సిరీస్ తొలి ఆటలో, తన మొదటి రెండు బ్యాటింగ్ అవకాశాల్లోనూ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. ఏప్రిల్‌లో ఇక్కడ పల్లీలు ఒలుచుకుంటూ అతన్ని చూసినవాళ్లు ఈ మాట మనవళ్లకు కూడా చెబుతారు. చిప్పర్ జోన్స్, డేవిడ్ ప్రైస్, ఎవాన్ లాంగోరియా, బ్లేక్ స్నెల్, ఇలా దాటిపోయినవాళ్ల జాబితా పెద్దది. నిలిచిపోయినవాళ్లెవరూ లేరు. ఇక్కడ నిలిచిపోవడమంటే పైకి పోలేకపోవడమే. అదీ ఈ ఆటలోని చేదు.

ఆ చేదు మీదనే ఒక సినిమా వచ్చింది. దాని ముందు కథ చెప్పాలి. 1971 తర్వాత డర్హమ్‌లో జట్టు లేదు. ఊళ్లో పొగాకు కంపెనీలు ఒక్కటొక్కటిగా మూతపడుతున్నాయి. 1979లో మైల్స్ వోల్ఫ్ అనే యువకుడు కరోలినా లీగులో డర్హమ్ జట్టు హక్కును 2,417 డాలర్లకు కొన్నాడు. మీరు చదివింది నిజమే, లక్షలు కావు, వేలు. పాత పార్కుకు రంగులు వేయించి 1980లో గేట్లు తెరిస్తే జనం విరగబడ్డారు. వోల్ఫ్ అక్కడితో ఆగలేదు. బేస్‌బాల్ అమెరికా అనే పత్రికను కూడా కొని డర్హమ్‌కు తెచ్చాడు. మైనర్ లీగులంటే అప్పట్లో అందరూ చచ్చిపోయిన వ్యాపారమనుకునేవారు. వాటిని మళ్లీ బతికించినవాళ్లలో ఈయనను ముందు చెప్పుకుంటారు.

ఇక సినిమా. 1988లో వచ్చిన ‘బుల్ డర్హమ్’. దర్శకుడు రాన్ షెల్టన్ స్వయంగా మైనర్ లీగులో ఐదేళ్లు ఆడి, పెద్ద లీగు ముఖం చూడకుండానే మానేసినవాడు. నిర్మాత థామ్ మౌంట్ ఈ డర్హమ్‌లో పెరిగినవాడే. కెవిన్ కాస్ట్నర్, సూసన్ సరాండన్, టిమ్ రాబిన్స్ నటించారు. కాస్ట్నర్ వేసింది క్రాష్ డేవిస్ అనే ముదురు ఆటగాడి పాత్ర. పైకి పోలేడు, కానీ పైకి పోబోయే కుర్రాడికి ఆట నేర్పాలి. ఆ పేరు కల్పితం కాదు. షెల్టన్ పాత రికార్డులు తిరగేస్తుంటే, 1948లో డర్హమ్ తరఫున లీగులోకెల్లా ఎక్కువ డబుల్స్ కొట్టిన క్రాష్ డేవిస్ కనిపించాడు. అసలు మనిషి బతికే ఉన్నాడని తెలిసి అనుమతి అడిగారు. సినిమాలో చివరికి హీరోయిన్ తనకే దక్కుతుందా అని ఆ పెద్దాయన ఆరా తీశాడట. దక్కుతుందని చెప్పాకే సరేనన్నాడట. షూటింగు శరదృతువు చివర జరిగింది. ఎండి గోధుమరంగుకు తిరిగిన గడ్డికి ఆకుపచ్చ రంగు పూశారు. వేసవి కథలో నటులు చలికి వణికారు.

ఆ సినిమా కోసం చెక్కతో ఒక పెద్ద ఆబోతు బొమ్మ చేశారు. బుల్స్ ఆటగాడు హోమ్ రన్ కొడితే దాని కళ్లు ఎర్రబడతాయి, తోక ఊగుతుంది, ముక్కుల్లోంచి పొగ వస్తుంది. బంతి ఆబోతుకు తగిలితే ఆటగాడికి మాంసం స్టేక్ బహుమతి, కాళ్ల కింది గడ్డికి తగిలితే సలాడ్. సినిమా అయిపోయాక బొమ్మను పారేయలేదు. అది పాతబడితే కొత్తది చేయించారు. ఇప్పటికీ ఎడమవైపు 32 అడుగుల నీలిగోడ మీద నిలబడి ఉంది. శాకాహారులైన మనవాళ్లెవరైనా ఈ జట్టులో చేరితే గడ్డికి గురిపెట్టడం మేలు! సినిమాలో కాస్ట్నర్ వేసుకున్న 8వ నంబరును కూడా జట్టు ఇంకెవరికీ ఇవ్వదు. లేని మనిషికి ఇంత గౌరవమిచ్చిన జట్టు ఇంకోటి నాకు తెలియదు.

సినిమా దెబ్బకు 1990లో ఒక్క సీజనులో మూడు లక్షలమంది వచ్చారు. ఏ-తరగతి జట్టుకు అంతమంది రావడం అదే మొదలు. అదే ఏడు కొత్త స్టేడియానికి అప్పు తెద్దామా అని ఓటు పెడితే ప్రజలు వద్దన్నారు. ప్రేమ ప్రేమే, పన్ను పన్నే. ఇంతలో వోల్ఫ్ దగ్గర జట్టును కొన్న కాపిటల్ బ్రాడ్‌కాస్టింగ్ అధిపతి జిమ్ గుడ్‌మన్, దాన్ని విమానాశ్రయం దగ్గరికి తరలించే ఆలోచన చేశాడు. నగర కౌన్సిలు గుండె గుభేలుమంది. ఓటు అక్కర్లేని మరో పద్ధతిలో డబ్బు సమకూర్చి, ఊరి నడిబొడ్డునే స్టేడియం కట్టింది. 1995లో అది తెరుచుకుంది. ప్రజలు కాదన్నదాన్ని దొడ్డిదారిన చేయడం సబబా అంటే, నాకు ఇప్పటికీ మనసొప్పదు. కానీ ఫలితం కళ్లెదుట ఉంది. 1987లో మూతపడి పావురాలు కాపురముండిన అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ సరిగ్గా స్టేడియం పక్కనే. గుడ్‌మన్ దాన్ని బాగుచేయించి 2004లో తెరిచాడు. లక్కీ స్ట్రైక్ సిగరెట్ల నీళ్ల ట్యాంకూ, పొగగొట్టమూ అలాగే ఉంచారు. ఒకప్పుడు ఆకు చుట్టిన గదుల్లో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చుడుతున్నారు. అందులో మనవాళ్ల వాటా ఎంతో చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను, గెలుపుల కథలు అన్నీ ఒకలాగే ఉంటాయి. 2009, 2017, 2022లో ట్రిపుల్-ఏ జాతీయ విజేతలయ్యారు. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగుల్లో ఒక్క ఆటా జరగలేదు. ఆ సందులోనే పెద్ద లీగు మొత్తం వ్యవస్థను చేతిలోకి తీసుకుని, 160 అనుబంధ జట్లను 120కి తగ్గించేసింది. మాకు ముప్పావు గంట దూరంలోని బర్లింగ్టన్ ఆ కోతలో పోయింది. ఇప్పుడక్కడ వేసవి సెలవుల్లో కాలేజీ కుర్రాళ్లు సాక్ పప్పెట్స్ పేరుతో ఆడుతున్నారు. అవును, సాక్సుతో చేసే చేతిబొమ్మలే. ఇంకోవైపు జెబ్యులన్‌లోని మడ్‌క్యాట్స్ జట్టు, కొత్త స్టేడియం కడతామన్న విల్సన్‌కు 2026 నుంచి మకాం మార్చి వార్‌బర్డ్స్ అని పేరు పెట్టుకుంది. చిన్న ఊళ్ల జట్లకు ఇప్పుడున్న భయం ఇదే. స్టేడియం కొలతలకు సరిపోలేదంటే జట్టు వెళ్లిపోతుంది. డర్హమ్ బతికింది దాని చరిత్ర చూసి కాదు, స్టేడియం ఉండబట్టి.

ఆటగాళ్ల బతుకులో ఒక మంచి మార్పు వచ్చింది. 2023లో మైనర్ లీగువాళ్లు తొలిసారి యూనియన్ ద్వారా ఒప్పందం కుదుర్చుకున్నారు. ట్రిపుల్-ఏ ఆటగాడి కనీస వార్షిక జీతం 35,800 డాలర్లయింది. అంతకుముందు అందులో సగం ఉండేది. సగం జీతంతో ఈ ఊళ్లో అద్దె ఎలా కట్టేవారో ఎవరైనా ఊహించుకోవచ్చు.

ఇక మన పిల్లల మాట. మోరిస్‌విల్ పార్కులో 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ ఆటలు జరిగినప్పుడు ఊరంతా కదిలొచ్చింది. ఇళ్లలో తండ్రులు క్రికెట్, పిల్లలు బేస్‌బాల్ అని జట్లుగా చీలిపోయిన వేసవులివి. నాకైతే ఇందులో తగువేమీ కనిపించదు. బంతి బాదడం రెండింట్లోనూ ఉంది, గొణుక్కోవడం కూడా. కాకపోతే బేస్‌బాల్‌లో ఒక సౌకర్యముంది, మూడు గంటల్లోపే ఇంటికొచ్చేస్తాం.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. టిక్కెట్లు మొదటి బేస్ వైపు కొనండి, అక్కడినుంచి ఎడమగోడ మీది ఆబోతు ఎదురుగా కనిపిస్తుంది. శాకాహారులకు బంగాళాదుంప వేపుడు, ప్రెట్జెల్, వేయించిన వేరుశనక్కాయలు దొరుకుతాయి, కాబట్టి పులిహోర డబ్బా ఇంట్లోనే వదిలేయండి. ఆటలు మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా. సోమవారం వెళితే గేటుకు తాళం ఉంటుంది.